ముప్పై ఏళ్లకే కడుపు క్యాన్సర్: గ్యాస్ మాత్రా, ఎండోస్కోపీయా? ముందు కీమోనా, ముందు ఆపరేషనా?

మా తమ్ముడి బెల్టుకు కంపెనీ వాళ్లు పెట్టిన కన్నాలు ఐదు. ఆరోది వాడే మేకు కాల్చి పెట్టుకున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మ ఆ నల్లటి కన్నం చూసి "ఏంట్రా ఇది?" అంది. "జిమ్‌కి వెళ్తున్నానమ్మా" అన్నాడు. అప్పటికే ఎనిమిది నెలలుగా రోజూ పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాడని మాలో ఎవరికీ తెలియదు. వయసు 32. సిగరెట్ లేదు, మందు లేదు. ఆ పండక్కి నాలుగు అరిసెలు తినే మనిషి ఒకటి తిని పళ్లెం పక్కన పెట్టేశాడు.

జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా 60 దాటినవాళ్ల జబ్బు. 40 లోపు వాళ్లలో అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు, రోగికీ రాదు, డాక్టరుకీ రాదు. పైగా చిన్న వయసులో వచ్చేది చాలాసార్లు గడ్డలా ఒకచోట పెరగదు. జీర్ణాశయం గోడలోపల చాప కింద నీరులా పాకుతుంది. డాక్టర్లు దీన్ని డిఫ్యూజ్ రకం అంటారు. రిపోర్టులో "సిగ్నెట్ రింగ్ సెల్" అని కనిపించేది సాధారణంగా ఈ రకమే. పెద్దవాళ్లలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చే ఈ జబ్బు, చిన్న వయసులో ఆడవాళ్లలోనూ దాదాపు అంతే కనిపిస్తుంది.

నేను డాక్టర్ని కాదు. రెండేళ్లు ఆసుపత్రుల వరండాల్లో ఫైలు పట్టుకుని కూర్చున్న అక్కని. ఏ దశలో ఏ రెండు దారులు ఎదురవుతాయో, వాటిలో ఏది ఎవరికి నప్పుతుందో మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే రాస్తున్నాను.

గ్యాస్ మాత్రా, ఎండోస్కోపీయా

మన దగ్గర కడుపులో ఏం జరిగినా ఒకటే పేరు: గ్యాస్. ఉబ్బరం గ్యాసే, మంట గ్యాసే, గుండెలో నొప్పొచ్చినా ముందు గ్యాసే అంటాం. మందుల షాపుకెళ్లి "ఒక షీటు ఇవ్వన్నా" అంటే చాలు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి మాత్రలు చెడ్డవి కావు. అవి యాసిడ్‌ను బాగా తగ్గిస్తాయి. చిక్కల్లా అక్కడే ఉంది. క్యాన్సర్ పుండు మీద కూడా యాసిడ్ తగ్గితే మంట తగ్గుతుంది. "మాత్ర వేస్తే తగ్గింది, కాబట్టి గ్యాసే" అనే లెక్క తప్పు. మా వాడు ఎనిమిది నెలలు ఆ లెక్కతోనే బతికాడు. వాడు చూపించుకున్న క్లినిక్‌లో మూడుసార్లూ మాత్ర పేరు మార్చారు తప్ప, ఒక్కసారి కూడా బరువు చూడలేదు.

అలాగని కడుపు మండిన ప్రతివాళ్లూ ఎండోస్కోపీకి (నోటి గుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) పరిగెత్తమని చెప్పను. 30 ఏళ్ల మనిషికి అజీర్తి చేస్తే అది క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన సలహా కూడా ఇదే దారిలో ఉంటుంది: 60 లోపు వాళ్లకు అజీర్తి ఉంటే ముందు హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా పరీక్ష చేయండి, అందరికీ ఎండోస్కోపీ అక్కర్లేదు అని. జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దక్షిణ కొరియాలో కూడా ప్రభుత్వ స్క్రీనింగ్ 40 నుంచే మొదలవుతుంది, జపాన్‌లో 50 నుంచి. అంటే 25 నుంచి 39 మధ్య వాళ్లను అక్కడ కూడా ప్రభుత్వం పిలిచి చూడదు. లక్షణాన్ని బట్టి వాళ్లే కదలాలి.

నేను ఇంట్లోవాళ్లకు చెప్పేది ఇది. మంట, ఉబ్బరం కొత్తగా మొదలై వేరే ఏ తేడా లేకపోతే డాక్టర్ చెప్పిన మాత్ర నాలుగు వారాలు వాడి చూడొచ్చు. ఆపగానే మళ్లీ మొదలైతే ఇంకో షీటు కొనకండి, గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా నాలుగు వారాలు కూడా ఆగొద్దు, వయసు 22 అయినా సరే: ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం, ముద్ద గొంతు కింద అడ్డం పడటం, వాంతులు ఆగకపోవడం, తారులా నల్లటి విరేచనం, కారణం తెలియకుండా రక్తం తగ్గిపోవడం, ఇంట్లో తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉండటం. ఐరన్ మాత్రలు వాడినా విరేచనం నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఆడపిల్లల విషయంలో రెండు సంగతులు. రక్తం తక్కువుందంటే నెలసరి వల్లే అని అక్కడితో వదిలేస్తారు. గర్భంతో ఉంటే వాంతులు ఎంత ముదిరినా వేవిళ్లే అంటారు. వేవిళ్లు చాలామందికి నాలుగైదు నెలలకు తగ్గుతాయి. ఆ తర్వాత కూడా తిన్నది నిలవక, బరువు పడిపోతుంటే అడగాలి. అవసరమైతే గర్భంతో ఉన్నప్పుడు కూడా ఎండోస్కోపీ చేస్తారు.

ఎండోస్కోపీ బదులు జనం చేయించుకునేవి మరి మూడున్నాయి. పొట్ట స్కానింగ్ (అల్ట్రాసౌండ్) లివర్‌ని, పిత్తాశయాన్ని చూపిస్తుంది, జీర్ణాశయం లోపలి పొరను సరిగా చూపించదు. అది నార్మల్ అంటే కడుపులో ఏమీ లేదని అర్థం కాదు. సీఈఏ, సీఏ 19-9 లాంటి రక్త పరీక్షలు జబ్బు ఉన్నా నార్మల్‌గా రావచ్చు, లేకపోయినా పెరగొచ్చు. జబ్బు ఉందో లేదో తేల్చడానికి అవి పనికిరావు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో చాలావాటిలో ఎండోస్కోపీ ఉండనే ఉండదు. ఆ ప్యాకేజీకి పెట్టే డబ్బుతోనే ఎండోస్కోపీ అయిపోవచ్చు.

భయపడేవాళ్ల కోసం: ముందురోజు రాత్రి తిని, పొద్దున ఖాళీ కడుపుతో వెళ్తారు. గొంతులో చేదుగా ఉండే స్ప్రే కొడతారు, నాలుక మొద్దుబారుతుంది. ఎడమ వైపు తిరిగి పడుకోబెట్టి పళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ రింగు పెడతారు. పది, పదిహేను నిమిషాలు. స్ప్రేతో అయితే కాసేపటికి లేచి ఆఫీసుకెళ్లిపోవచ్చు, కానీ ఓకరింపు ఉంటుంది. మత్తుతో అయితే ఏమీ తెలియదు, ఖర్చు కొంచెం ఎక్కువ, ఆ రోజు బండి నడపకూడదు, తోడు ఒకరుండాలి. టెన్షన్ పడే మనిషైతే మత్తే తీసుకోండి. కదలకుండా ఉంటే డాక్టరు కూడా నిదానంగా చూడగలుగుతారు.

హెచ్ పైలోరీకి ఏ పరీక్ష

1984లో ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ ఈ బ్యాక్టీరియాను తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని, అదే కారణమని చూపించాడు. రాబిన్ వారెన్‌తో కలిపి 2005లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మన దేశంలో ఇది చాలామంది కడుపుల్లో ఉంటుంది. వాళ్లలో నూటికి ఏ కొద్దిమందికో తప్ప క్యాన్సర్ రాదు.

రక్త పరీక్ష చవక, కానీ ఇప్పుడు ఉందో, ఎప్పుడో వచ్చిపోయిందో చెప్పదు. ఊపిరి పరీక్ష, మల పరీక్ష (యాంటిజెన్) ఇప్పుడున్నదాన్నే పట్టుకుంటాయి. ఆ రెండింటిలో ఏది దొరికితే అది. ఎండోస్కోపీ ఎలాగూ చేస్తుంటే అప్పుడే చిన్న ముక్క తీసి చూడమనండి. ఊపిరి, మలం, ముక్క, ఈ మూడు పరీక్షల్లో దేనికైనా రెండు వారాల ముందు గ్యాస్ మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపి ఉండాలి, లేకపోతే ఉన్నది కూడా లేదని వస్తుంది. ఈ ఒక్క ముక్క మాకు ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు.

బయాప్సీలో ఏమీ లేదంటే నమ్మాలా

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మా వాడి ప్రాణం నిలబడింది ఇక్కడే.

డిఫ్యూజ్ రకం లోపలి పొర కింద పాకుతుంది కాబట్టి పైకి చూస్తే పుండు ఉండకపోవచ్చు. గాలి పంపినా జీర్ణాశయం బుడగలా సాగకుండా తోలు సంచిలా బిగుసుకుని ఉంటుంది. పైపైన తీసిన ముక్కల్లో కణాలు దొరకవు. మా తమ్ముడి మొదటి రిపోర్టులో "దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్, క్యాన్సర్ కణాలు కనిపించలేదు" అని వచ్చింది. మేం గుడికెళ్లి కొబ్బరికాయ కూడా కొట్టాం. ఎండోస్కోపీ చేసిన డాక్టర్ మాత్రం ఫోన్ చేసి "కాగితం బాగుంది కానీ నేను చూసిన కడుపు బాగోలేదమ్మా, మళ్లీ తీద్దాం" అన్నారు. రెండోసారి ఒకేచోట ముక్క మీద ముక్క తీస్తూ లోతుకి వెళ్లారు, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో గోడ మందం కొలిచారు. అప్పుడు దొరికింది.

కాబట్టి ముక్కలు ఎన్ని తీశారో అడగండి. అనుమానం ఉన్నచోట ఆరు, ఎనిమిది ముక్కలు తీయడం మామూలే. బరువు తగ్గుతూ, కడుపు వెంటనే నిండిపోతూ ఉన్న మనిషికి రిపోర్టు నార్మల్ వస్తే సంతోషపడి ఇంటికెళ్లడం ఒక దారి, రెండు మూడు వారాల్లో మళ్లీ చూపించుకోవడం ఇంకో దారి. రెండోదే పట్టుకోండి.

ఇంకొకటి, చిన్న వయసు ఆడవాళ్లకు రెండు అండాశయాల్లోనూ గడ్డలు కనిపిస్తే, అవి కొన్నిసార్లు జీర్ణాశయం నుంచి వెళ్లినవై ఉంటాయి. గైనకాలజీ ఆపరేషన్‌కు ముందు ఎండోస్కోపీ అవసరమా అని అడగండి.

సీటీ, పెట్ స్కాన్, ల్యాప్రోస్కోపీ

జబ్బు ఎంతవరకు పాకిందో తేల్చడానికి సీటీ స్కాన్ అందరికీ చేస్తారు. పెట్ స్కాన్ ఖరీదైనది కాబట్టి గొప్పదనుకుంటాం, కానీ సిగ్నెట్ రింగ్ రకం చాలాసార్లు పెట్‌లో వెలగదు. పొట్ట లోపలి పొర మీద ఆవగింజల్లా చల్లుకున్న మచ్చలను రెండూ వదిలేయొచ్చు. వాటిని కళ్లతో చూడాలంటే బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి కెమెరా పంపే ల్యాప్రోస్కోపీయే దారి. పెద్ద ఆపరేషన్ చేద్దామనుకున్న చిన్న వయసు రోగికి ఇది వద్దంటే ఎందుకు వద్దో అడగండి. పొట్ట మొత్తం కోశాక "పాకేసింది" అని మూసేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

అదే సమయంలో బయాప్సీ ముక్క మీద హెర్2, ఎంఎంఆర్ (లేదా ఎంఎస్ఐ), పీడీ-ఎల్1 అనే పరీక్షలు కూడా రాయించండి, ఇవి క్యాన్సర్ కణాల గుణాన్ని చెబుతాయి. జబ్బు పాకినవాళ్లకు మందు ఎంపిక వీటిమీదే ఆధారపడుతుంది.

ముందు కీమోనా, ముందు ఆపరేషనా

రిపోర్టు రాగానే ఇంట్లో అందరి మాటా ఒకటే: "ముందు కోసి తీసేయమనండి." మా నాన్నదీ అదే. ఒంట్లో అది ఉందని తెలిశాక రెండు నెలలు ఆగడం ఎవరివల్ల అవుతుంది?

కానీ ఇక్కడ రెండు సంప్రదాయాలున్నాయి. జపాన్, కొరియాల్లో ఎక్కువగా ముందు ఆపరేషన్, తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది కీమో. అక్కడ స్క్రీనింగ్ వల్ల జబ్బు తొందరగా దొరుకుతుంది, సర్జన్లకు చేయి తిరిగి ఉంటుంది. యూరప్‌లో ముందు కొంత కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. జర్మనీలో ఫ్లాట్ అనే నాలుగు మందుల కలయికతో చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. రెండు వారాలకొక విడత (సైకిల్) చొప్పున ఆపరేషన్‌కు ముందు నాలుగు, తర్వాత నాలుగు ఇచ్చారు. పాత కీమోతో సగటు ఆయుష్షు 35 నెలలుంటే దీంతో 50 నెలలకు పెరిగింది.

మన దగ్గరకు వచ్చే చిన్న వయసు రోగుల్లో చాలామందికి జబ్బు గోడ లోతుకు, లింఫు గ్రంథులకు చేరాకే తెలుస్తుంది. వాళ్లకు, కీమో తట్టుకునే ఒళ్లు ఉంటే, ముందు కీమో దారే మంచిదని నా అభిప్రాయం, మా ఆంకాలజిస్టు చెప్పిందీ అదే. కారణం ఒకటుంది. కడుపు తీసేశాక మనిషి సగమైపోతాడు, అప్పుడు అనుకున్న కీమో అంతా పూర్తి చేయలేనివాళ్లు చాలామంది. ఉన్న బలంతో ముందే కొంత చేసుకుంటే ఆ కొంతయినా దక్కుతుంది. రక్తస్రావం ఆగకపోయినా, కడుపు దారి పూర్తిగా మూసుకుపోయినా లెక్క మారుతుంది, ముందు ఆపరేషనే చేయాల్సి రావచ్చు. జబ్బు చాలా తొలి దశలో ఉంటే కీమో అసలు అక్కర్లేకపోవచ్చు. లివర్‌కో, పొట్ట లోపలి పొరకో పాకితే కడుపు తీసేయడం వల్ల సాధారణంగా ఆయుష్షు పెరగదు, మందులే ప్రధానం. అప్పుడు కూడా "ఎలాగైనా కోయండి" అని డాక్టర్ని బతిమాలకండి.

ఫ్లాట్ ఎలా ఉంటుందంటే, అందులో ఒక మందు వల్ల చల్లటిది ముట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చుతాయి. మా మరదలు ఫ్రిజ్ తలుపుకి ఒక పాత తువ్వాలు కట్టింది, వాడు దాన్ని పట్టుకుని తెరిచేవాడు. ఏప్రిల్ ఎండల్లో కుండనీళ్లు కూడా తాగలేక గోరువెచ్చటి నీళ్లు తాగాడు. జుట్టు ఊడింది. మూడో సైకిల్‌కి జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కీమోలో 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో పారాసిటమాల్ వేసి ఊరుకోకూడదు, అర్ధరాత్రయినా ఆసుపత్రికే.

పసరు మందు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరో ఒకరు చెప్తారు. "ఒక్క నెల వాడి చూడండి, పని చేయకపోతే అప్పుడు కీమో" అంటారు. వయసులో ఉన్నవాళ్లకు వచ్చే ఈ రకానికి ఆ నెలే చాలా పెద్దది. చెప్పినవాళ్లతో గొడవ పడకండి, మీరు మాత్రం ఆ నెల ఇవ్వకండి.

కడుపు మొత్తమా, కొంతా. పెద్ద కోతా, కన్నాలా

కింది భాగంలో ఉంటే కొంత మిగల్చొచ్చు, తిండి సుఖం బాగా ఉంటుంది. డిఫ్యూజ్ రకం, పై భాగం, మొత్తం పాకినది అయితే సాధారణంగా పూర్తిగా తీసి అన్నవాహికను పేగుకి కలుపుతారు. మిగల్చమని ఒత్తిడి చేయకండి, అంచుల్లో జబ్బు మిగలకపోవడమే ముఖ్యం. ల్యాప్రోస్కోపీ, రోబో, పెద్ద కోత అన్నవి సర్జన్ చేతిని బట్టి. ఆ యంత్రం ఉందా అని కాదు, "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, డీ2 పద్ధతిలో లింఫు గ్రంథులు తీస్తారా" అని అడగండి. ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో కనీసం 16 గ్రంథులు పరీక్షించినట్టు ఉండాలి.

మొత్తం తీసేస్తే బీ12 ఇంజెక్షన్ జీవితాంతం. రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెం తినాలి, తీపి ఎక్కువ తింటే చెమటలు, గుండెదడ.

ఎక్కడ చూపించుకోవాలి

ఊరికి దగ్గర ఆసుపత్రా, పేరున్న పెద్ద ఆసుపత్రా అన్నదాన్ని ఒకటే నిర్ణయంగా చూడకండి. రెండుగా విడగొట్టండి. ఏ వైద్యం చేయాలన్న నిర్ణయం, ఆపరేషన్, ఈ రెండూ ఇలాంటి కేసులు తరచూ చేసే చోటే జరగాలి. కీమో మాత్రం అదే ప్లాన్ కాగితం పట్టుకుని ఇంటికి దగ్గర్లో ఎక్కించుకోవచ్చు. మేం అలాగే చేశాం, అమ్మ వంట అందుబాటులో ఉంది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది, తిరుపతిలో టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు తక్కువ, క్యూ పొడుగు. ప్రైవేటులో వారంలో మొదలవుతుంది, చివరికి బిల్లు ఎంతవుతుందో ముందు చెప్పరు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. చేరే ముందే ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్లి, ఆ ఆసుపత్రికి ఈ ఆపరేషన్‌కీ ఈ కీమోకీ కూడా అనుమతి ఉందా అని అడగండి, ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. అమ్మిన పొలం తిరిగి రాదు.

రెండో అభిప్రాయం తీసుకుంటే డాక్టరుకి కోపం వస్తుందని మొహమాటపడొద్దు. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన ముక్కలు) అడిగి తీసుకోవడం మీ హక్కు. వారంలో ముగించండి, అంతకు మించి ఆసుపత్రులు తిరగొద్దు.

కీమోకి ముందు అడగాల్సిన మాట

పెళ్లి కాని, పిల్లలు లేని వాళ్లకు కీమో ముందు వీర్యం లేదా అండాలు దాచుకునే అవకాశం ఉంటుంది. మగవాళ్లకు ఒకటి రెండు రోజుల పని, ఆడవాళ్లకు సుమారు రెండు వారాలు. జబ్బు తీవ్రతను బట్టి ఆ రెండు వారాలు ఆగొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు, మరదలే సిగ్గుపడుతూ అడిగింది. మొదటి కీమోకి ముందురోజు వాడు వెళ్లొచ్చాడు.

ఇంట్లో మిగతావాళ్లు

1998లో న్యూజీలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో పోతుంటే, సీడీహెచ్1 అనే జన్యువులో లోపం అని కనిపెట్టారు. 50 లోపు డిఫ్యూజ్ రకం వచ్చినవాళ్లకు ఈ జన్యు పరీక్ష చేయించమని 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు రోగికే చేయాలి. రోగిలో లోపం దొరికితేనే తోబుట్టువులకు ఆ పరీక్షతో పని. లోపం ఉన్న ఆరోగ్యవంతులకు రెండు దారులు: 20, 30 ఏళ్ల మధ్య ముందుగానే కడుపు తీయించుకోవడం, లేదా అనుభవం ఉన్న చోట ఏటా పాతిక ముప్పై ముక్కలు తీసే ఎండోస్కోపీ. మొదటిది భద్రం, కానీ జీవితాంతం తిండి కష్టం. రెండోదానిలో తొలి మచ్చలు తప్పిపోయే ప్రమాదం ఉంటుంది. ఆడవాళ్లకైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఉంది, ఆ పరీక్షలు విడిగా చేయించుకోవాలి. ఇది ఒక్క సిట్టింగ్‌లో తేల్చుకునే విషయం కాదు, జెనెటిక్ కౌన్సిలర్‌తో మాట్లాడాకే.

ఒక మాట బంధువులకు. "ఆవకాయ ఎక్కువ తిన్నాడు, కారం ఎక్కువ పెట్టింది" అని తల్లి ముందు అనకండి. ఉప్పులో ఊరిన తిండి ఎక్కువైతే ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ ఫలానా మనిషికి ఫలానా ముద్ద వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మా అమ్మ ఆ మాట విని ఆ ఏడాది మాగాయ పెట్టలేదు.

మా తమ్ముడికి సీడీహెచ్1లో ఏ లోపమూ రాలేదు. నాకు చేసిన మల పరీక్షలో మాత్రం హెచ్ పైలోరీ ఉందని వచ్చింది. 14 రోజులు మాత్రలు వేసుకున్నాను, నోరంతా ఇనుము రుచి. అయిపోయిన నెలకు మళ్లీ పరీక్ష చేయించుకున్నాను, పోయిందని వచ్చింది. మొన్న ఎండోస్కోపీకి మా వాడే తోడొచ్చాడు. చేతిలో మరదలు కట్టిచ్చిన స్టీలు డబ్బా, అందులో రెండు ఇడ్లీలు. నన్ను లోపలికి పంపి, పదకొండు కాగానే వరండాలో కూర్చుని డబ్బా తెరిచాడు.